పిక్క కొలిచే అమ్మాయి

భార్గవి నాతో అన్న మొట్టమొదటి మాట ఇది.

"మీ నాన్న మీద మీకేమన్న పగ ఉందా?"

భద్రాచలంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, కాలిన గాయాల వార్డు, మూడో నంబరు బెడ్. బెడ్ మీద మా నాన్న వెంకటరామారావు. పక్కన స్టూలు మీద నేను, ఉదయ్ భాస్కర్. చేతిలో స్పూను, స్పూనులో సగ్గుబియ్యం జావ. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. నాన్నని వేలు కూడా కదపనివ్వకుండా తలగడ నేనే సర్ది, నీళ్లు నేనే పట్టి, ఒళ్లు విరుచుకుంటానంటే వద్దని, ఇలాంటి కొడుకు జిల్లాలో ఇంకొకడు ఉండడని నాకు నేనే కితాబు ఇచ్చుకుంటున్నాను. అలాంటి నన్ను పట్టుకుని పగ అంటుంది.

"పగేంటండీ?" అన్నాను.

"మరేంది? తినిపిస్తున్నరు, తాపిస్తున్నరు, కదలనిస్తలేరు. కుడిచెయ్యి మంచిగనే ఉన్నది కదా, ఆయన్నే తిననియ్యున్రి. మోకాళ్ల కింద ఆ దిండ్లు తీసెయ్యున్రి. రేపటి సంది నడిపియ్యాలె."

"కాలిన మనిషిని నడిపిస్తారా?"

"కాలింది ఎడమచెయ్యి, ఛాతి, కుడితొడ. పాదాలు కాలలే కదా అన్నా."

అంత చక్కటి పిల్ల నన్ను అన్నా అన్నందుకు నొచ్చుకోవాలో, మా నాన్నని నడిపిస్తానన్నందుకు పోట్లాడాలో తేలక నోరు తెరిచి అలాగే కూర్చున్నాను. నీలం యూనిఫాం, గట్టిగా బిగించిన జడ, పెద్ద పెద్ద కళ్లు. మెడలో మాత్రం దర్జీలు వేసుకునే కొలత టేపు. నర్సుకి టేపెందుకో నాకు అర్థం కాలేదు.

మా నాన్నకి ఇలా ఎందుకైందో కూడా చెప్పాలి. మాది వేంసూరు. నాకు కల్లూరులో డ్రిప్ పైపుల షాపు ఉంది. నాన్న మాత్రం ఊళ్లో పొలం చాలదన్నట్టు బూర్గంపాడు దగ్గర అడవి అంచున ఆరెకరాలు కౌలుకి తీసుకుని మొక్కజొన్న వేశాడు. ఏప్రిల్లో కోత అయ్యాక చొప్పకి నిప్పు పెట్టాడు. గాలి తిరిగి మంట పక్కవాళ్ల జీడితోట వైపు మళ్లింది. గోనెసంచి పట్టుకుని ఆర్పబోతే పంచె అంటుకుంది. ఒంట్లో నాలుగో వంతు కాలింది. జీడితోట మాత్రం ఒక్క ఆకు మాడలేదు. ఆ సంగతి మత్తులో కూడా అందరికీ చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే భార్గవి వచ్చి టేపు తీసింది. నాన్న రెండు మోకాళ్ల కింద ఒకే దూరంలో పెన్నుతో చుక్క పెట్టి, ఆ చుక్కల దగ్గర రెండు పిక్కలూ కొలిచి కాగితం మీద రాసింది.

"ప్యాంటు కుట్టిస్తావా అమ్మాయ్?" అన్నాడు నాన్న.

"కుట్టిస్త. ముందు కాళ్లు మంచిగుండాలె కదా పెద్దాయనా."

తర్వాత నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పింది. ఒళ్లు కాలినవాళ్లకి రక్తం తొందరగా గడ్డకడుతుందట. మంచం మీద కదలకుండా పడుకుంటే అది కాళ్లలో నిలబడి ఇంకా తొందరగా కడుతుందట. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి నిమిషాల్లో పోతాడట.

"పుండ్లు మానేటప్పుడు అందరు పుండ్లనే చూస్తరు. నేను కాళ్లు చూస్త," అంది.

పైపుల షాపువాణ్ని కాబట్టి నాకు వెంటనే ఎక్కింది. నీళ్లు పారినన్నాళ్లూ పైపుకేం కాదు. వారం ఆపితే లోపల నాచు పట్టి మూసుకుపోతుంది. ఆ మాటే అన్నాను.

"మంచిగ చెప్పిండ్రు," అంది. ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. రెండు మాటలే గానీ ఆ రోజంతా సరిపోయాయి.

రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పొట్ట మీద చిన్న సూది. అది గడ్డకట్టకుండా. గంటకోసారి పాదాలు ముందుకీ వెనక్కీ పదిసార్లు ఆడించాలి. నాన్న ససేమిరా అన్నాడు. పాతికమందితో పని చేయించిన మనిషి, పాతికేళ్ల పిల్ల చెప్తే పాదాలు ఆడించడం ఆయనకి నామోషీ.

"పెద్దాయనా, మీకు ట్రాక్టర్ ఉన్నదట కదా," అంది ఒకరోజు.

"ఉంది. ఏం?"

"క్లచ్ ఎట్ల తొక్కుతరు?"

నాన్న నవ్వి ఎడమపాదం ముందుకి నొక్కాడు.

"మరి బ్రేకు?"

కుడిపాదం నొక్కాడు.

"ఘాట్ రోడ్డు అనుకోండ్రి. పది మలుపులున్నయ్."

పది మలుపులు తిప్పాక గానీ తనని ఏమార్చిందని నాన్నకి తెలియలేదు. అప్పటికి నవ్వేశాడు. ఆ రోజు నుంచి నేను గడియారం చూసి "నాన్నా, ఘాట్ రోడ్డు" అనేవాణ్ని, ఆయన తొక్కేవాడు. మూడో రోజు ఆమె భుజం ఆసరాగా పన్నెండు అడుగులు నడిచాడు. ఒక్కో అడుగుకీ పళ్లు బిగించాడు. ఆమె నుదుటి మీద కూడా చెమట పట్టింది. అంత బరువు మోస్తూ కూడా కబుర్లు చెప్తూనే ఉంది. మనిషిని అలా చూసుకోవడం నేనెక్కడా చూడలేదు.

"థాంక్యూ సిస్టర్," అన్నాను.

"పర్లేదన్నా," అంది.

ఆ రెండు మాటలూ విని పక్క బెడ్డాయన నా మొహం చూసి జాలిగా నవ్వాడు.

ఆరో రోజున భార్గవి తండాలో పెళ్లి ఉందని రెండ్రోజులు సెలవు పెట్టింది. కారేపల్లి దగ్గర వాళ్ల తండా. సరిగ్గా అదే రోజు సత్తుపల్లి నుంచి మా జయప్రకాశ్ బాబాయి దిగాడు. బాబాయికి మామిడికాయల వ్యాపారం. ఆయనకి తెలియని విషయం ఈ లోకంలో లేదు. నాన్న పొట్ట మీద సూది పడ్డచోటల్లా నీలంగా కమిలి ఉండటం చూశాడు.

"ఏంట్రా ఇది?"

"గడ్డకట్టకుండా సూది బాబాయ్."

"అంటే రక్తం పల్చబడే మందన్నమాట. ఒళ్లంతా పచ్చి పుండ్లున్న మనిషికి రక్తం పల్చబడితే ఏమవుద్ది? కారి కారి పోతాడు. నీకు చదువుందిగానీ బుద్ధి లేదురా."

నిజంగానే కట్టు మీద ఎర్రటి మరక కనిపించింది. అమ్మ, మా భారతమ్మ, ఏడుపు మొదలెట్టింది. డ్యూటీలో ఉన్న వేరే సిస్టర్ ఎంత చెప్పినా వినకుండా సూది వద్దని కాగితం మీద సంతకం పెట్టాను. బంధువులంతా వరసగా పలకరింపులకి వచ్చి "కదలకు, పడుకో" అంటుంటే, వాళ్ల ముందు ఘాట్ రోడ్డు కూడా ఆగిపోయింది.

బాబాయి వచ్చిన మూడో రోజు పొద్దున నాన్న మూలిగాడు. "ఎడమ పిక్క లాగుతోందిరా."

మా ఇంట్లో కాళ్లు పిసకడం నా పని. ఐదో తరగతి నుంచీ నాన్న పొలం నుంచి వస్తే నేనే పిసుకుతాను. అదంటే ఆయనకీ ఇష్టం, నాకూ గర్వం. అమ్మ క్యాంటీన్లో నువ్వులనూనె వేడి చేయించి గిన్నెలో తెచ్చింది. అరచేతులకి పట్టించుకుని పిక్క మీదికి వంగాను.

"ఆ కాలు ముట్టొద్దు."

గుమ్మంలోంచి వచ్చింది భార్గవి. ఇంకా యూనిఫాం కూడా వేసుకోలేదు, భుజాన ఊరి నుంచి తెచ్చిన సంచి అలాగే ఉంది. నా మణికట్టు పట్టుకుంది. నూనెకి జారితే ఇంకా గట్టిగా పట్టుకుంది.

అమ్మాయి మొదటిసారి చెయ్యి పట్టుకుంటే ఒళ్లు ఝల్లుమంటుందని ప్రేమకథల్లో రాస్తారు. నాకైతే మణికట్టు వాచింది.

"ఏంటమ్మా ఈ దురుసు?" బాబాయి లేచాడు. "కొడుకు తండ్రికి సేవ చేసుకుంటుంటే చెయ్యి పట్టి లాగుతావా? తండా నుంచొచ్చిన పిల్లవి, ఎవరితో ఎట్లా ఉండాలో తెలవదా?"

ఆమె ఆయన వైపు చూడనైనా లేదు. సంచిలోంచి టేపు తీసి రెండు పిక్కలూ కొలిచింది. మళ్లీ కొలిచింది. ఎడమది మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువుంది. చేతి వెనుకభాగం ఆనించి వేడి చూసింది.

"లోపల గడ్డ ఉన్నట్టుంది. పిసికితే ఊడి పైకి పోతది," అంది మెల్లగా. తర్వాత కేస్ షీట్ తిప్పింది. "నాలుగు డోసులు లేవు. పేషెంట్ వెంట ఉన్నోళ్లు వద్దన్నరు అని రాసి ఉంది. ఎవరు?"

బాబాయి కిటికీ వైపు చూశాడు.

"నేనే," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ కళ్లలో కోపం కన్నా భయం ఎక్కువ కనిపించింది.

గంటలో స్కానింగ్ అయింది. గడ్డ ఉంది. డాక్టర్ రాజ్యశ్రీ తెరమీద వేలు పెట్టి చూపించారు. "ఇంకా మోకాలు దాటలేదు. మందు పెంచుదాం. రెండు రోజులు గడిస్తే బయటపడ్డట్టే. ఆ సిస్టర్‌కి మాత్రం మీరు రుణపడి ఉండాలి. పిసికి ఉంటే ఇప్పుడు మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు."

నేను మెట్ల మీద కూలబడి ఏడ్చాను. బయట గాలివాన మొదలైంది. కాసేపటికి భార్గవి టీ కప్పుతో వచ్చి రెండు మెట్లు పైన కూర్చుంది.

"మా అమ్మ పేరు బాలి," అంది. ఎందుకు చెప్తుందో నాకు తెలియలేదు. "నాకు పద్దెనిమిదేండ్లప్పుడు పొయ్యికాడ చీర అంటుకుంది. ఒక చిన్న దవాఖానాల ఇరవై రోజులు ఉంచినం. తండా మొత్తం వచ్చి చూసుకున్నది. ఎవరం కదలనియ్యలే. నేను రోజూ కాళ్లు పిసికేదాన్ని."

టీ చల్లారిపోతోంది. నేను ముట్టుకోలేదు.

"పుండ్లన్ని మానినయ్. ఇంటికి పొమ్మన్న రోజు లేచి నిలబడ్డది. చీర సర్దుకుంది. నన్ను పేరు పెట్టి పిలిచింది. గంతే."

ఆమె టేపుని వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

"ఎందుకు పోయిందో మాకెవరు చెప్పలే. నర్సింగ్ రెండో ఏడుల పుస్తకంల చదివిన. ఆ పేజీ చదివినంక రెండు రోజులు మెస్సుకు పోలే." లేచి నిలబడింది. "మీకు చెప్పేటోళ్లు ఉన్నరు. నాకు లేకుండె. ఏడ్చుడు బంద్ చేసి పైకి రాండ్రి. మీ నాన్నకు నీళ్లు తాపియ్యాలె, ఎండిపోతే రక్తం చిక్కబడతది."

ఆ పేజీ చదివి మూలన కూర్చుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అదే వార్డుకి వచ్చి, టేపు మెడలో వేసుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ల పిక్కలు రోజూ కొలుస్తోంది. అప్పుడే ప్రేమించాను ఆమెని. అంతకుముందు నాకున్నది వట్టి సరదా.

రెండ్రోజులూ నాన్న ఊపిరి తీసుకుంటుంటే నేను లెక్కపెట్టాను. గడిచాయి. పెద్ద డాక్టరు చెప్పాక మళ్లీ నడిపించారు. ఈసారి నాన్నే గంట కాకముందే "అమ్మాయేదిరా, టైమైంది" అనేవాడు. తొడకి చర్మం అతికారు. వాపు తీసింది. ముప్పై ఎనిమిదో రోజున డిశ్చార్జ్. మూడు నెలలు మానకుండా వేసుకోమని గోళీలు రాశారు.

అప్పటికి నేను "అన్నా" నుంచి "ఉదయ్ గారు" దాకా ఎదిగాను. మందుల కౌంటర్ దగ్గర, పక్కన ఎవరూ లేకుండా చూసి చెప్పేశాను.

"భార్గవి గారూ, మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది."

ఆమె ఏమీ కంగారుపడలేదు. గోళీల అట్టలు సరిచూస్తూ అంది. "ఈ ఏడాదిల మీరు మూడోవాళ్లు."

"అంటే?"

"పేషెంట్ ఇంటికి పోయేటప్పుడు కొడుకులు గిట్లనే అంటరు. ఇది ప్రేమ కాదు, కృతజ్ఞత. ఇంటికి పోయి పది రోజులు షాపుల కూసుంటే పోతది."

"పోకపోతే?"

అట్టలన్నీ కవరులో వేసింది. "ఈ గోళీలు అయిపోయేదాక ఈ మాట తేవద్దు. గోళీల సంగతైతేనే ఫోన్ చెయ్యండ్రి."

గోళీల గురించి మనిషికి ఎన్ని అనుమానాలు రావచ్చో నాకప్పుడు తెలిసింది.

"హలో, నాన్న పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి కొంచెం రక్తం వస్తోంది."

"మెత్తటి బ్రష్ కొనున్రి. ఎక్కువైతే డాక్టర్‌ను కలవాలె."

"హలో, గోళీ తిన్నాక మజ్జిగ తాగొచ్చా?"

"తాగొచ్చు."

"మరి తినకముందు?"

"ఉదయ్ గారు, షాపుల గిరాకీ లేదా?"

"వర్షాలు కదండీ. డ్రిప్పు ఎవరు కొంటారు?"

అటువైపు నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించేది. ఒక్కోసారి తనే చేసేది. "పెద్దాయన నడుస్తున్నడా? ఒక్కసారి ఫోనియ్యండ్రి." ఇస్తే నాన్నకి చివాట్లు, ఆ తర్వాత నాన్న నుంచి నాకు చివాట్లు. ఒకసారి నేను గోళీ ఇవ్వడం రెండు గంటలు ఆలస్యం చేశానని తెలిసి వారం రోజులు ముక్తసరిగా మాట్లాడింది. నాకూ కోపమొచ్చి మూడు రోజులు ఫోన్ చేయలేదు. నాలుగో రోజు గోళీ రంగు మారిందని అబద్ధం చెప్పి చేశాను.

ఇంట్లో సంగతి చెప్పినప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచి పిల్లే. కాదనను. కానీ మన వాళ్లేమంటారు? జయప్రకాశ్ ఏమంటాడు?"

"వాడి మాట విన్నందుకే కాటి దాకా పోయొచ్చాను," అన్నాడు నాన్న.

"ఆ అమ్మాయి డ్యూటీకి పోతే ఇంట్లో వంటెవరు చేస్తారండీ?"

"నేను చేస్తా. కూర్చోవద్దు, నిలబడి పనులు చేయమందిగా డాక్టరమ్మ."

నలభై ఏళ్లుగా మంచినీళ్లు కూడా ముంచుకు తాగని మనిషి అంత మాట అనేసరికి అమ్మకి నవ్వొచ్చింది. నవ్వాక ఇంక కాదనలేకపోయింది.

ఆగస్టు చివర్లో ఆఖరి స్కానింగ్. భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డులొరిసి పారుతోంది. కాలు శుభ్రంగా ఉందన్నారు డాక్టర్ రాజ్యశ్రీ, గోళీలు ఆపెయ్యమన్నారు. వార్డులో అడిగితే భార్గవి సెలవులో ఉందట. పత్తిచేలో కలుపు ఎక్కువైందని వాళ్ల నాన్న భీమ్లా రమ్మన్నాడట.

"పద, కారేపల్లి," అన్నాడు నాన్న.

ఫోన్ చేసి చెప్పాను. "వస్తున్నాం. గోళీల పని కాదు." ఆమె "రోడ్డు బాగలేదు," అని మాత్రం అంది.

నిజంగానే బాగలేదు. తండాకి కిలోమీటరు ఉందనగా నల్లమట్టిలో కారు దిగబడింది. సన్నగా జల్లు పడుతోంది. నేనెళ్లి వాళ్లనే ఇక్కడికి తీసుకొస్తానన్నాను. నాన్న వినలేదు. చెప్పులు చేతబట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఆ బురదలో పత్తిచేల మధ్య నుంచి నడిచాడు. వెనుక అమ్మ, ఆ వెనుక నేను.

ఇంటి ముందు భీమ్లా నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, తలకి తువ్వాలు. మమ్మల్ని చూసి కూడా కదల్లేదు. దగ్గరికొచ్చేదాకా మా నాన్న మొహం చూడలేదాయన. కాళ్లే చూశాడు.

"నేను వెంకటరామారావునండీ. మీ అమ్మాయి దగ్గర వైద్యం చేయించుకున్నా. మా వాడికి మీ అమ్మాయిని అడగడానికొచ్చాం. కులం వేరు, మాకూ మీకూ మాటలనేవాళ్లుంటారు. ఎవరేమన్నా మీ పిల్ల మా ఇంట్లో తల దించుకోదు. ఆ పూచీ నాది."

భీమ్లా తలకున్న తువ్వాలు తీశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "మా బాలి దవాఖానా నుంచి నడిచి ఇంటికొస్తదని గీ గుమ్మంల నిలబడి చూసిన సారు. రాలే. నా బిడ్డ చేతుల పడ్డ మనిషి ఎట్లుంటడో ఎన్నడూ చూడలే నేను. ఇయ్యాల మీరు బురదల నడుచుకుంట వచ్చిండ్రు. నాకు గది చాలు. మిగతాది దాన్నడుగుండ్రి."

భార్గవి గడపలో ఉంది. వానకి జడ తడిసింది. ఏడ్చినట్టుంది గానీ నన్ను చూసి ఎప్పటిలా గదిమింది.

"కృతజ్ఞత ఇంకెంత మిగిలింది?"

"ఎప్పుడో అయిపోయింది," అన్నాను. నిజమే చెప్పాను. "మధ్యలో మీ మీద కోపం కూడా వచ్చింది. మూడు రోజులు ఫోన్ చేయకూడదనుకున్నా. ఆ మూడు రోజులూ షాపులో బిల్లులన్నీ తప్పులే రాశాను. నాన్నకి బాగైపోయింది. ఇప్పుడు మీతో నాకు ఏ అవసరమూ లేదు. అయినా మీరే కావాలి."

ఆమె మా అమ్మ వైపు చూసింది. అమ్మ ముందుకెళ్లి ఆమె తడి జడని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. భార్గవి తల వంచి తుడవనిచ్చింది.

భీమ్లా వాళ్ల భాషలో కూతుర్ని ఏదో అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె మాత్రం తెలుగులో, నా వైపు చూస్తూ జవాబు చెప్పింది.

"అవ్."